ఆఫీసుకు రమ్మంటే ఇల్లు మారాలి

ఆఫీసుకు రమ్మని మెయిల్ వస్తే మాదాపూర్‌లో ఉన్న ఉద్యోగి బండి తాళం వెతుక్కుంటాడు. కల్లూరులో ఉన్న ఉద్యోగి ఇల్లు వెతుక్కోవాలి.

హైదరాబాద్ ఐటీ కంపెనీలు ఉద్యోగుల్ని వెనక్కి పిలవడం మీద ఇన్నేళ్లుగా నడిచిన చర్చంతా దాదాపుగా మొదటి ఉద్యోగి చుట్టూనే తిరిగింది. వారానికి ఎన్ని రోజులు రావాలి, ట్రాఫిక్‌లో ఎంతసేపు పడుతుంది, మెట్రో చార్జీ ఎంత పెరిగింది, క్యాంటీన్ మళ్లీ తెరిచారా లేదా. రెండో ఉద్యోగికి ఇవన్నీ తర్వాతి సంగతులు. ముందు ఇంటికి అడ్వాన్సు కట్టాలి, పిల్లకు బడిలో సీటు దొరకాలి, ఊళ్లో ఉన్న తల్లిదండ్రుల్ని ఎవరు చూసుకుంటారో తేలాలి. వర్క్ ఫ్రమ్ హోం నుంచి ఆఫీసుకు మారడాన్ని సులభం చేయడం ఎలాగన్న ప్రశ్నకు నిజమైన పరీక్ష ఈ రెండో ఉద్యోగి దగ్గరే ఉంది.

ఖమ్మం నుంచి తల్లాడ మీదుగా సత్తుపల్లి వెళ్లే దారిలో ఉంటుంది కల్లూరు. నాగార్జునసాగర్ ఎడమ కాలువ నీళ్లు పారే ఊళ్లు, వరి పొలాలు, మామిడి తోటలు, ఇటీవల వాటి పక్కనే పెరుగుతున్న ఆయిల్ పామ్. ఇంకా తూర్పుకు పోతే సత్తుపల్లి బొగ్గు గనులు, ఆపైన అశ్వారావుపేట, భద్రాచలం వైపు అడవి మొదలవుతుంది. 2016 జిల్లాల పునర్విభజనలో కల్లూరు రెవెన్యూ డివిజన్ కేంద్రమైంది. పరిశ్రమ పేరు చెప్పమంటే మండలంలోని పేరువంచ చక్కెర కర్మాగారం చెప్పాలి. ఊరికి ప్రయాణికుల రైలు లేదు. హైదరాబాద్ సుమారు 250 కిలోమీటర్లు, బస్సులో అయిదారు గంటలు. చదువుకున్న పిల్లలు ఇంజనీరింగ్ తర్వాత అమీర్‌పేటలో కోర్సు నేర్చుకుని, అక్కడి నుంచి మాదాపూర్‌కో గచ్చిబౌలికో చేరడం ఈ ప్రాంతమంతటా పాతికేళ్లుగా పడిన బాట. ఆ బాటలో జనం వెనక్కి నడవడం 2020లో మొదటిసారి కనిపించింది.

దానికి ముందు జరిగిన ఒక చిన్న సంఘటన చాలామంది మరచిపోయారు. 2020 మార్చి 2న తెలంగాణలో తొలి కరోనా కేసు బయటపడింది. రెండు రోజులకు, మార్చి 4న, రాయదుర్గంలోని రహేజా మైండ్‌స్పేస్ ప్రాంగణంలో ఒక భవనంలో పనిచేసే ఉద్యోగినికి వైరస్ సోకిందన్న అనుమానంతో అక్కడి కంపెనీలు తమవాళ్లను ఇళ్లకు పంపేశాయి. తర్వాత ఆమెకు నెగెటివ్ అని తేలింది. కానీ ల్యాప్‌టాప్‌లు సంచుల్లో పెట్టుకుని వేలమంది ఒక్కసారిగా రోడ్డెక్కిన ఆ మధ్యాహ్నం, రాబోయే రెండేళ్లు ఎలా ఉంటాయో హైదరాబాద్‌కు ముందే చూపించింది.

మార్చి 22 జనతా కర్ఫ్యూ, ఆ వెంటనే లాక్‌డౌన్. హాస్టళ్లు ఖాళీ చేయమన్నాయి. మార్చి 25న పోలీస్ స్టేషన్ల ముందు పాసుల కోసం కిలోమీటర్ల కొద్దీ వరసలు. పాసులు చేతికి వచ్చినవాళ్లు ఆంధ్రప్రదేశ్ సరిహద్దులో జగ్గయ్యపేట దగ్గరి గరికపాడు చెక్‌పోస్టు దాకా వెళ్లి అక్కడ ఆగిపోయారు. హాస్టళ్లు ఎవరినీ బయటికి పంపకూడదని తెలంగాణ ప్రభుత్వం ఆ తర్వాత చెప్పాల్సి వచ్చింది. ఖమ్మం జిల్లా వాళ్లకు రాష్ట్ర సరిహద్దు అడ్డు లేదు కాబట్టి, ముందే బయల్దేరినవాళ్లు ఊరు చేరారు. అలా ఒక సంచి బట్టలతో, పది పదిహేను రోజులకని వచ్చినవాళ్లు రెండేళ్లకు పైగా ఉండిపోయారు.

ఇంటి నుంచి పని చేయడం అప్పటిదాకా చట్టం ప్రకారం అంత తేలికేమీ కాదు. కాల్ సెంటర్లు, బీపీవోల మీద టెలికాం శాఖ నిబంధనలుండేవి. వాటి ప్రకారం ఉద్యోగి ఇంట్లో కూర్చుని పని చేయాలంటే కంపెనీ డిపాజిట్లు, అనుమతుల తతంగం దాటాలి. 2020 మార్చి 13న టెలికాం శాఖ వాటిని తాత్కాలికంగా సడలించింది. గడువులు పెంచుకుంటూ పోయి, నవంబరు 5న కొత్త మార్గదర్శకాలు తెచ్చింది. ప్రత్యేక ఆర్థిక మండళ్ల కథ ఇంకా ఆలస్యం. పన్ను రాయితీ పొందిన ప్రాంగణంలో జరగాల్సిన పని కల్లూరు డాబా మీద జరిగితే దాన్ని ఏమనాలన్న ప్రశ్నకు రాతలో జవాబు 2022 జూలైలో వచ్చింది. ఎస్‌ఈజెడ్ నిబంధనల్లో 43ఏ చేర్చి, సగం మంది దాకా ఏడాది పాటు ఇంటి నుంచి పని చేయవచ్చన్నారు. అదే ఏడాది డిసెంబరులో ఆ పరిమితి తీసేసి అందరికీ వర్తింపజేశారు. జనం ఇళ్లకు వెళ్లిపోయిన రెండేళ్లకు నియమం వాళ్లను అందుకుంది.

నష్టం ఏమైనా జరిగిందా? తెలంగాణ ఐటీ శాఖ లెక్కలు చూస్తే అలా కనిపించదు. 2019-20లో రాష్ట్ర ఐటీ ఎగుమతులు 1,28,807 కోట్ల రూపాయలు. 2021-22కి 1,83,569 కోట్లు. ఇదే రెండేళ్లలో ఐటీ ఉద్యోగాల సంఖ్య 5,82,126 నుంచి 7,78,121కి చేరింది. అంటే నికరంగా దాదాపు రెండు లక్షల మంది అదనంగా చేరారు, అదీ ఆఫీసులు ఖాళీగా ఉన్న రోజుల్లో. వీళ్లలో ఎందరికో ల్యాప్‌టాప్ కొరియర్‌లో వచ్చింది, ఇంటర్వ్యూ తెర మీద జరిగింది, టీమ్ లీడ్ ముఖం చతురస్రంలో తప్ప చూడలేదు. కంపెనీల మాటల్లో అందరూ 'తిరిగి' వస్తున్నారు. ఈ కొత్తవాళ్ల విషయంలో ఆ మాట తప్పు. వాళ్లు ఆఫీసుకు మొదటిసారి వెళ్తున్నారు. పాతవాళ్లకు పాత అలవాటు గుర్తు చేస్తే చాలు. వీళ్లకు అలవాటే లేదు. ఇద్దరికీ ఒకే మెయిల్ పంపడం చాలా కంపెనీలు చేసిన మొదటి పొరపాటు.

ఊళ్లో పనిచేసిన ఆ రోజుల్ని స్వర్గంలా చెప్పడమూ సరికాదు. వాన పడితే కరెంటు పోయేది, ఇన్వర్టర్ రెండు గంటలకు చేతులెత్తేసేది, ఆపైన ఫోన్ హాట్‌స్పాట్ పట్టుకుని సిగ్నల్ కోసం డాబా ఎక్కడం. ఇంట్లో కూర్చుని చేసేది ఉద్యోగమేనని పెద్దవాళ్లకు నచ్చజెప్పడం ఇంకో పని. ఇంట్లోనే ఉన్నావు కదా అని, మీటింగ్ మధ్యలో మోటార్ వేసిరమ్మనేవాళ్లు, ఎరువుల బస్తాలు తెమ్మనేవాళ్లు. కోడలైతే చెప్పనే అక్కర్లేదు. చెవిలో కాల్ వింటూ చేత్తో వంట కానిచ్చిన ఆడవాళ్లు పల్లెల్లోనూ పట్నంలోనూ లక్షల్లో ఉంటారు. అయినా అద్దె మిగిలింది, హాస్టల్ తిండి తప్పింది, తండ్రికి బీపీ మాత్రలు వేళకు అందాయి. పెళ్లిళ్లయ్యాయి, పిల్లలు పుట్టారు, పొలం ఇంకో ఎకరం కొన్నవాళ్లున్నారు. ఉద్యోగం హైదరాబాద్‌లోనే ఉంది. జీవితం ఊళ్లో వేరు వేసింది.

ఆ జీవితాన్ని నమ్ముకోవడానికి కంపెనీల మాటలు కూడా కారణమే. 2020 ఏప్రిల్‌లో దేశంలోని అతిపెద్ద ఐటీ కంపెనీ టీసీఎస్ 25/25 అనే నమూనా ప్రకటించింది. 2025 నాటికి ఏ సమయంలోనైనా ఆఫీసులో ఉండాల్సింది ఉద్యోగుల్లో పాతిక శాతమేనని, ఎవరూ తమ సమయంలో పాతిక శాతానికి మించి అక్కడ గడపక్కర్లేదని. ఆ మాట విని ఊళ్లో ఇల్లు కట్టుకున్నవాణ్ని తప్పు పట్టగలమా? అదే కంపెనీ 2023 సెప్టెంబరు నెలాఖరులో, అక్టోబరు 1 నుంచి వారానికి అయిదు రోజులూ ఆఫీసుకు రావాలని చెప్పింది. 2024 ఏప్రిల్‌లో హాజరును వేరియబుల్ పేతో ముడిపెట్టింది: 85 శాతానికి పైగా హాజరుంటేనే పూర్తి మొత్తం, 60 శాతం లోపైతే సున్నా. మధ్యలో 2022 నుంచే దశలవారీగా పిలుస్తూ వచ్చిన మాట నిజమే. కానీ పాతిక శాతం నుంచి అయిదు రోజులకు ఎందుకు మారారో ఉద్యోగికి వివరించిన తీరు, మారిన తీరంత స్పష్టంగా లేదు.

మిగతా కంపెనీలు ఒక్కొక్కటీ ఒక్కో దారి పట్టాయి. విప్రో 2023 నవంబరు 15 నుంచి వారానికి మూడు రోజులంది. ఇన్ఫోసిస్ అదే నెల 20 నుంచి కింది స్థాయి ఉద్యోగుల్ని నెలకు పది రోజులు రమ్మంది. నానక్‌రామ్‌గూడలో తన ప్రపంచంలోకెల్లా పెద్ద కార్యాలయ భవనం ఉన్న అమెజాన్, 2024 సెప్టెంబరు 16న ప్రకటించి 2025 జనవరి 2 నుంచి అయిదు రోజులు తప్పనిసరి చేసింది. నియమం కఠినమైనదే అయినా మూడున్నర నెలల గడువు ఇచ్చిందన్నది గమనించాలి. కల్లూరు ఉద్యోగికి, అయిదు రోజులా మూడు రోజులా అన్నదానికంటే ఆ మూడున్నర నెలలే ఎక్కువ ముఖ్యం.

నిజానికి వారానికి మూడు రోజులన్నది అతనికి అన్నిటికంటే ఇబ్బందైన ఏర్పాటు. 250 కిలోమీటర్లు వారం వారం తిరగలేడు, కాబట్టి హైదరాబాద్‌లో గది తీసుకోక తప్పదు. ఊళ్లో ఇల్లు ఎలాగూ నడవాలి. రెండు వంటిళ్ల ఖర్చు మీద పడుతుంది. ఇన్ఫోసిస్ తరహా నెలకు పది రోజులు అలా కాదు: పది రోజులూ వరసగా రానిస్తే ఒక పీజీ హాస్టల్లో దిగి పని ముగించుకుని వెళ్లవచ్చు. వరసగా కాకుండా వారానికి రెండు మూడు చొప్పున రమ్మంటే మళ్లీ మొదటికే. ఒకే నియమం గచ్చిబౌలి ఉద్యోగికి వరం, కల్లూరు ఉద్యోగికి భారం అవుతుందన్న సంగతి మానవ వనరుల విభాగాల దృష్టికి పెద్దగా వచ్చినట్టు లేదు.

ఇంతకీ ఆఫీసుకు పిలవడంలో న్యాయం ఉందా? పరిశోధనలు రెండు వైపులా మాట్లాడుతున్నాయి, కానీ అవి కనిపించినంత విరుద్ధంగా లేవు. స్టాన్‌ఫర్డ్ ఆచార్యుడు నికొలస్ బ్లూమ్ చైనా ట్రావెల్ కంపెనీ సీట్రిప్‌లో 2010లో చేసిన ప్రయోగం ఈ రంగంలో అందరూ చెప్పుకునేది. షాంఘై కాల్ సెంటర్‌లో ఇంటి నుంచి పని చేయడానికి ఇష్టపడినవాళ్లలో సరిసంఖ్య తేదీన పుట్టినవాళ్లను ఇళ్లకు పంపారు, మిగతావాళ్లను ఆఫీసులోనే ఉంచారు. తొమ్మిది నెలల్లో ఇంటివాళ్ల పనితీరు 13 శాతం మెరుగైంది. ప్రయోగం ముగిశాక ఎవరికి నచ్చిన చోట వాళ్లు పనిచేయండంటే, ఇంటికి వెళ్లినవాళ్లలో దాదాపు సగం మంది ఆఫీసుకే తిరిగొచ్చారు. ఒంటరితనం భరించలేకపోయారు. అదే కంపెనీలో 1,612 మంది మీద తర్వాత జరిపిన అధ్యయనం 2024లో 'నేచర్' పత్రికలో వచ్చింది. వారానికి రెండు రోజులు, బుధ శుక్రవారాలు, ఇంటి నుంచి పని చేసినవాళ్లలో ఉద్యోగం మానేసేవాళ్ల సంఖ్య మూడో వంతు తగ్గింది. పనితీరులో తేడా లేదు. ఆ లాభం ఎక్కువగా కనిపించింది ఆడవాళ్లలో, దూరం నుంచి వచ్చేవాళ్లలో, మేనేజర్లు కాని ఉద్యోగుల్లో. అంతకుముందు వద్దన్న మేనేజర్లు కూడా ప్రయోగం ముగిసేసరికి మనసు మార్చుకున్నారు.

మన దేశంలో జరిగినవి మాత్రం ఇంత తీపిగా లేవు. చెన్నైలో డేటా ఎంట్రీ పనివాళ్ల మీద డేవిడ్ ఆట్కిన్, అంటోనెట్ షోర్, సుమిత్ శిందే చేసిన అధ్యయనంలో ఇంటి నుంచి పని చేసినవాళ్ల ఉత్పాదకత ఆఫీసువాళ్ల కంటే 18 శాతం తక్కువగా తేలింది. ఒక పెద్ద భారతీయ ఐటీ కంపెనీలో పదివేల మందికి పైగా ఉద్యోగుల రికార్డులు చూసిన గిబ్స్, మెంగెల్, సీమ్‌రోత్‌లకు ఇంకా చేదు నిజం కనిపించింది. జనం ఇంట్లో ఎక్కువ గంటలు పనిచేశారు, ఉత్పాదకత మాత్రం పడిపోయింది. సమయమంతా మీటింగుల్లో కరిగింది. పై అధికారితో విడిగా కూర్చుని నేర్చుకునే అవకాశం తగ్గింది. చిన్న పిల్లలున్నవాళ్ల పరిస్థితి మరీ కష్టం. చైనాలో ఇంటి నుంచి పని చేసేవాళ్లకు విడిగా ఒక గది ఉండాలన్నది ప్రయోగంలో చేరడానికి షరతు. మన దగ్గర ఆ షరతు పెట్టి ఉంటే ఎందరు మిగిలేవారో ఊహించుకోవచ్చు.

వీటన్నిటినీ కలిపి చదివితే తేలేది ఒకటే. పని వచ్చినవాడు ఇంట్లో బాగా చేస్తాడు, నేర్చుకోవాల్సినవాడు ఇంట్లో నష్టపోతాడు. 2021లో కొరియర్‌లో ల్యాప్‌టాప్ అందుకున్న కొత్త ఇంజనీరుకు ఆఫీసు నిజంగా అవసరం. కోడ్‌లో చిక్కు పడినప్పుడు పక్క కుర్చీ వైపు తిరిగి 'అన్నా, ఒక్కసారి చూడు' అంటే రెండు నిమిషాల్లో తేలేది, చాట్‌లో అడగడానికి మొహమాటపడి రెండు రోజులు నానుతుంది. కల్లూరు, వేంసూరు, పెనుబల్లి లాంటి చోట్ల నుంచి, తెలుగు మీడియం బడుల నుంచి వచ్చిన పిల్లలకు ఇది ఇంకా ఎక్కువ. ఇంగ్లిష్‌లో తడబడకుండా మాట్లాడటం, క్లయింటు ముందు నిలబడటం పక్కవాళ్లను చూసి నేర్చుకునే విద్యలు. అయితే కంపెనీలు వెనక్కి పిలిచిన తీరులో ఈ తేడా కనిపించదు. పదేళ్ల అనుభవమున్న వ్యక్తినీ ఆరు నెలల ఫ్రెషర్‌నూ ఒకే స్వైప్ మెషీన్ ముందు నిలబెట్టాయి. పైగా టీమ్‌లో సగం పుణెలో, మిగతా సగం డాలస్‌లో ఉంటే, 250 కిలోమీటర్లు వచ్చినవాడు ఆఫీసులో కూర్చుని చేసేదీ వీడియో కాలే. అలాంటి హాజరు ఎవరికీ ఏమీ నేర్పదు. గేటు దగ్గర కార్డు గీసి, కాఫీ తాగి, గంటకు వెళ్లిపోయే అలవాటు ప్రపంచమంతా ఊరికే పుట్టలేదు.

డాలస్ మాట వచ్చింది కాబట్టి అమెరికాలోని మనవాళ్ల సంగతి రెండు మాటల్లో. హెచ్-1బీ మీద ఉన్నవాళ్లకు పని చేసే చోటు వీసా కాగితాల్లో భాగం. 2015లో సిమియో కేసు తీర్పు తర్వాత, పని చోటు మరో నగర ప్రాంతానికి మారితే కంపెనీ సవరణ దరఖాస్తు వేయాల్సిందే. కాబట్టి అద్దె తక్కువని ఇంకో రాష్ట్రానికి మారి ఇంటి నుంచి పనిచేసిన కుటుంబాలకు, ఆఫీసు పిలుపు వచ్చినప్పుడు ఇంటితో పాటు న్యాయవాది కూడా అవసరమయ్యాడు.

ఆడవాళ్ల విషయం విడిగా చెప్పుకోవాలి. 2017లో సవరించిన ప్రసూతి ప్రయోజన చట్టం రెండు పనులు చేసింది. సెలవు ముగిశాక, పని స్వభావాన్ని బట్టి, ఇరుపక్షాల అంగీకారంతో ఇంటి నుంచి పనిచేయవచ్చంది. యాభై మంది, అంతకంటే ఎక్కువ ఉద్యోగులున్న ప్రతి సంస్థ పిల్లల సంరక్షణ కేంద్రం సౌకర్యం కల్పించాలని, తల్లి రోజుకు నాలుగుసార్లు అక్కడికి వెళ్లిరావచ్చని కూడా అంది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రత కోడ్‌లోనూ ఇవి కొనసాగాయి. హైదరాబాద్ తల్లికి ఆ కేంద్రం చాలు. కల్లూరులో అమ్మమ్మ ఒళ్లో పెరిగిన రెండేళ్ల పిల్లను గచ్చిబౌలి క్రెష్‌లో దించడమంటే పిల్లకు కూడా అది కొత్త ఊరు, కొత్త ముఖాలు, కొత్త భాష. తల్లి ఆఫీసుకు చేరే తేదీకి నెల ముందే పిల్లను క్రెష్‌కు అలవాటు చేసేందుకు వీలిచ్చే కంపెనీ ఆ ఉద్యోగినిని నిలుపుకుంటుంది. ఈ నెల రోజుల ఖర్చు, ఆమె మానేస్తే కొత్తవాళ్లను వెతికి శిక్షణ ఇచ్చే ఖర్చు ముందు ఎంత?

తిరుగు ప్రయాణాన్ని తేలిక చేసేందుకు హైదరాబాద్‌లో జరిగిన ప్రయత్నాలు చాలావరకు రోడ్డు మీదివే. 2023 జూలై వానల్లో సైబరాబాద్ పోలీసులు ఐటీ కంపెనీలకు దశలవారీ లాగవుట్ వేళలు సూచించారు: ఐకియా నుంచి సైబర్ టవర్స్ దాకా ఉన్నవాళ్లు ముందు, రాయదుర్గం వైపు వాళ్లు తర్వాత. వాన గట్టిగా పడే రోజు ఇంటి నుంచే పనిచేయండని చెప్పడం ఇప్పుడు మామూలైపోయింది. ఇవి మంచివే. మెట్రో ఎల్బీనగర్ నుంచి, అమీర్‌పేటలో రైలు మారితే, రాయదుర్గం దాకా చేరుస్తుంది, అక్కడితో ఆగిపోతుంది. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ ఉద్యోగికి అక్కడి నుంచి మళ్లీ ఆటోనో షటిలో. ఖమ్మం వైపు నుంచి బస్సులో వచ్చి ఎల్బీనగర్‌లో దిగినవాడికి నగరం ఈ కొస నుంచి ఆ కొసకు దాటడమే ఒక పూట పని. కంపెనీలన్నీ పడమట గుమిగూడటం వల్ల వచ్చిన ఇబ్బంది ఇది. 2020 డిసెంబరులో తెలంగాణ ప్రకటించిన గ్రిడ్ విధానం ఉప్పల్, నాచారం, కొంపల్లి లాంటి వైపులకు ఐటీని పంచాలనుకుంది. పంపకం ఇంకా పడమటి బరువును కదిలించే స్థాయికి రాలేదు.

అసలు దారి ఇంకొకటి ఉంది. ఉద్యోగిని ఆఫీసుకు రప్పించే బదులు ఆఫీసును ఉద్యోగి దగ్గరికి కొంత దూరం తీసుకురావడం. ఇది కరోనా తర్వాత పుట్టిన ఆలోచన కాదు. రెండు వేల దశకం మధ్యలోనే, సత్యం కంప్యూటర్స్ వ్యవస్థాపకుల కుటుంబం నడిపిన బైర్రాజు ఫౌండేషన్ గ్రామ్‌ఐటీ పేరుతో గోదావరి జిల్లాల పల్లెల్లో, జల్లికాకినాడ లాంటి చోట, బీపీవో కేంద్రాలు పెట్టి ఊరి పిల్లలతో పని చేయించింది. 2009 జనవరిలో సత్యం కుంభకోణం బయటపడ్డాక ఆ సంస్థతో పాటు ఆ ఊపూ పోయింది. తమిళనాడులో జోహో దాన్ని నిలబెట్టి చూపించింది: 2011లోనే తెన్‌కాశిలో కార్యాలయం తెరిచింది, దాని అప్పటి అధిపతి శ్రీధర్ వెంబు 2019లో అక్కడి పల్లెకే మారిపోయాడు. ఇన్ఫోసిస్ 2023 అక్టోబరులో విశాఖపట్నంలో కేంద్రం తెరవడం వెనకా ఉన్నది ఇదే లెక్క. అక్కడివాళ్లు వేలల్లో ఆ కంపెనీ కోసమే వేరే ఊళ్లలో పనిచేస్తున్నారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 ఫిబ్రవరిలో, ముఖ్యంగా మహిళల కోసం, ఇంటి నుంచి పనిని పెద్దయెత్తున ప్రోత్సహిస్తామని, పట్టణాల్లో మండలాల్లో పని కేంద్రాలు పెడతామని చెప్పింది. చెప్పినంత జరిగితే సరిహద్దుకు ఇవతల ఉన్న సత్తుపల్లి, కల్లూరు వాళ్లు కూడా అటువైపు చూస్తారు.

ఖమ్మానికి ఇప్పటికే ఐటీ హబ్ ఉంది. 2020 డిసెంబరు 7న అప్పటి ఐటీ మంత్రి కె. తారక రామారావు దాన్ని ప్రారంభించారు. అదే ఏడాది జూలైలో కరీంనగర్‌లో, ఆ తర్వాత సిద్దిపేట, నిజామాబాద్, నల్లగొండల్లో ఇలాంటివే వచ్చాయి. తేదీలు చూస్తే ఖమ్మం, కరీంనగర్ హబ్‌లకు ఇంతకంటే మంచి ముహూర్తం ఉండదు. లక్షలమంది ఉద్యోగులు అప్పుడు ఊళ్లలోనే ఉన్నారు. కానీ ఈ హబ్‌లను చిన్న కంపెనీలను, ప్రవాస తెలుగువాళ్ల సంస్థలను రప్పించే చోట్లుగానే చూశారు. పెద్ద కంపెనీల్లో పనిచేసే జిల్లావాసులు కూర్చుని తమ కంపెనీ పనే చేసుకునే చోటుగా వాటిని మలచలేదు. ఖమ్మం హబ్‌లో యాభై కుర్చీలు ఒక పెద్ద కంపెనీ అద్దెకు తీసుకుని, అక్కడ స్వైప్ చేసినా హాజరు వేస్తామంటే చాలు. కల్లూరు నుంచి ఖమ్మం సుమారు యాభై కిలోమీటర్లు, ఉదయం బస్సెక్కితే చేరగల దూరం. 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్లకు పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ కూడా లేదు. కరెంటు, నెట్ సమస్య తీరుతుంది, కొత్తవాడికి పక్క కుర్చీ దొరుకుతుంది, సాయంత్రానికి ఇల్లు చేరవచ్చు. డేటా భద్రత అనే అభ్యంతరం వస్తుంది. ఏ రక్షణా లేని డాబా మీద రెండేళ్లు పని చేయించిన కంపెనీలు, కెమెరాలు, కాపలా ఉన్న ప్రభుత్వ భవనం గురించి ఆ మాట అనడం అంత నమ్మదగ్గదిగా లేదు.

అందరికీ ఖమ్మం కుర్చీ దొరకదు. హైదరాబాద్ వెళ్లక తప్పనివాళ్లే ఎక్కువ. వాళ్ల విషయంలో కంపెనీలు చేయగలిగింది ఖరీదైనదేమీ కాదు. మొదటిది గడువు. తెలంగాణలో బడులు జూన్‌లో తెరుచుకుంటాయి. అక్టోబరులోనో జనవరిలోనో రమ్మంటే పిల్ల చదువు మధ్యలో తెగుతుంది, లేదా భర్త ఒక చోట, భార్యాపిల్లలు ఒక చోట ఆర్నెల్లు గడపాలి. ఫిబ్రవరిలో చెప్పి జూన్‌లో రమ్మంటే సగం సమస్య అక్కడే తీరుతుంది. రెండోది, అడ్వాన్సుకూ సామాను బండికీ సరిపడా ఒకసారి సాయం. కొత్తగా ఉద్యోగంలో చేరినవాడికి ఊరు మారే ఖర్చిచ్చే కంపెనీ, తన మాట నమ్మి ఊళ్లో ఉండిపోయినవాడికి ఎందుకివ్వదు? మూడోది ఒకే టీమ్ ఒకే రోజుల్లో రావడం. ఆ రోజుల్లో ముఖాముఖి పనులే పెట్టి, వీడియో కాల్స్ మిగతా రోజులకు నెట్టాలి. ఎందుకు పిలిచారో మొదటి వారంలోనే కనిపిస్తే మనిషి గొణుగుడు తగ్గిస్తాడు. పూల బొకేలు, స్వాగతం బ్యానర్లు, శుక్రవారం పిజ్జాలు పెట్టిన కంపెనీలున్నాయి. వాటిని ఎవరూ వద్దనరు, వాటి కోసం ఎవరూ ఇల్లు మారరు.

బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 6 నుంచి ఉద్యోగంలో చేరిన మొదటి రోజే అనువైన పని వేళలు, పని చోటు కోరే హక్కు ఉంది. కంపెనీ కాదనవచ్చు, కానీ కారణం చెప్పాలి. మన దగ్గర కేంద్ర కార్మిక శాఖ 2020 డిసెంబరు 31న విడుదల చేసిన సేవారంగ నమూనా నిబంధనల ముసాయిదాలో ఇంటి నుంచి పని ప్రస్తావన ఉంది. అది కూడా యజమాని అనుమతిస్తే అన్న మాటతోనే. కారణం చెప్పాల్సిన బాధ్యత యజమాని మీద పెట్టడానికి కొత్త చట్టం కూడా అక్కర్లేదు, నమూనా నిబంధనల్లో ఒక వాక్యం చాలు.

అప్పటిదాకా, మెయిల్ అందుకున్నవాళ్లు హైదరాబాద్‌లో అడ్వాన్సు కట్టే ముందు మేనేజర్‌ను మూడు సంగతులు మెయిల్‌లోనే అడగాలి. ఈ ఏర్పాటు కనీసం ఎన్ని నెలలు మారకుండా ఉంటుంది, రావాల్సిన రోజుల్ని నెలలో ఒకే వరసగా పెట్టుకోవచ్చా, తన టీమ్‌లో ఇంకెవరు అదే రోజుల్లో అక్కడ ఉంటారు. నోటిమాట జవాబుకు విలువ లేదు. మేనేజర్ మారతాడు, ప్రాజెక్టు మారుతుంది, రాసి ఇచ్చింది మాత్రమే మిగులుతుంది. జవాబు రాకముందే మాత్రం ఇంటి తాళాలు తీసుకోవద్దు.